ఆ గిన్నెలో ఏముంది నాన్నా?

చిన్నప్పుడు నాకు ఆముదం అంటే చచ్చేంత భయం. వేసవి సెలవుల్లో ఏదో ఒకరోజు పొద్దున్నే, ఇంకా కళ్లయినా తెరవకముందే, అమ్మ చిన్న గిన్నెలో ఆముదం, దాని మీద వేడి కాఫీ పోసి పట్టుకొచ్చేది. నేను మంచం కిందో, గడ్డివాము వెనకో దూరేవాణ్ని. చివరికి నాన్న వచ్చి రెక్క పట్టుకుని లాక్కొచ్చేవాడు. ‘గుటుక్కున మింగెయ్, అయిపోద్ది’ అనేవాడు. అది ఎప్పుడూ గుటుక్కున అయిపోయేది కాదు.

శ్రమల వారంలో గురువారం రాత్రి మా ఊరి చర్చిలో ఆరాధన ఉండేది. గుడ్ ఫ్రైడేకి ముందు రాత్రి అన్నమాట. యేసు తన శిష్యులతో చివరి భోజనం చేసి, గెత్సేమనే తోటకి వెళ్లి, తెల్లారితే తనకి ఏం జరగబోతోందో తెలిసి ప్రార్థన చేసుకున్న రాత్రి అది. పెట్రోమాక్స్ లైటు వెలుగులో పాస్టరుగారు ఆ భాగం చదివేవారు. ఒక గిన్నె తన దగ్గర నుంచి తీసెయ్యమని యేసు తండ్రిని బతిమాలుకున్నాడని విన్నాను. చాప మీద సగం నిద్రలో ఉన్నవాణ్ని, చప్పున లేచి కూర్చున్నాను. యేసుకీ ఆముదం పడదన్నమాట!

ఇంటికి వెళ్లే దారిలో నాన్నని అడిగాను: ‘ఆ గిన్నెలో ఏముంది నాన్నా?’

నాన్న నవ్వలేదు. కాసేపు ఆలోచించి, ‘తాగలేనిది ఉందిరా’ అన్నాడు.

గిన్నె అంటే అనుభవించాల్సిన వంతు అని, పాత నిబంధన ప్రవక్తలు దేవుని కోపాన్ని కూడా గిన్నెతో పోల్చారని తర్వాతెప్పుడో ఆదివారం బడిలో నేర్చుకున్నాను. కానీ నాన్న చెప్పిన జవాబే మనసులో నిలిచిపోయింది.

మా ఇంట్లో గోడకి ఒక బొమ్మ ఉండేది. మీరూ చూసే ఉంటారు. క్రైస్తవుల ఇళ్లలోనే కాదు, క్యాలెండర్ల మీద, కిరాణా కొట్లలో కూడా కనిపిస్తుంది. రాత్రివేళ యేసు ఒక బండ మీద చేతులు జోడించి, మోకాళ్ల మీద నిలబడి, పైనుంచి పడుతున్న వెలుగు కేసి చూస్తుంటాడు. జర్మన్ చిత్రకారుడు హైన్రిష్ హాఫ్‌మన్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వేసిన బొమ్మ అది. అసలుది న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ చర్చిలో ఉంది. నకళ్లు ఎన్ని కోట్ల ఇళ్లలో ఉన్నాయో లెక్క కట్టడం కష్టం. మా ఇంట్లోది ఏదో బట్టల కొట్టు వాళ్లిచ్చిన క్యాలెండరు. ఏడాది అయిపోయాక నాన్న తేదీల కాగితాలు చింపేసి బొమ్మకి ఫ్రేము కట్టించాడు.

బొమ్మలో ముఖం ఎంత ప్రశాంతంగా ఉంటుందో! జుట్టు కూడా చెదరదు. చాలా ఏళ్లు నేను గెత్సేమనే ప్రార్థన అంటే అదే అనుకున్నాను. దేవుడి కొడుకు కాబట్టి భయం లేదు, ఏదో మాట వరసకి అడిగాడు, వెంటనే సరే అన్నాడు.

సువార్తల్లో మనిషి ఆ బొమ్మలో మనిషిలా ఉండడు. మార్కు రాసినదాని ప్రకారం ఆయన కలవరపడిపోయాడు, దిగులుతో ప్రాణం పోయేలా ఉందని తన ముగ్గురు స్నేహితులతో నోరు విప్పి చెప్పాడు, నాలుగడుగులు వేసి నేల మీద పడిపోయాడు. మత్తయి అయితే ముఖం నేలకి ఆనించి పడ్డాడంటాడు. మోకాళ్లూనాడని చెప్పేది లూకా ఒక్కడే. చెమట రక్తపు బొట్లలా నేల మీద పడిందన్న సంగతీ, దేవదూత వచ్చి బలపరిచిన సంగతీ కూడా లూకాలోనే ఉన్నాయి. అవి కొన్ని అతి పాత రాతప్రతుల్లో కనపడవు. దేవుడైనవాడు ఇంతగా వణికిపోవడమేమిటని ఎవరో తీసేశారా, లేక మరెవరో తర్వాత చేర్చారా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. తీసేసి ఉంటారన్న మాటే నాకు నమ్మబుద్ధవుతుంది. మనకి భయపడే దేవుడు ఇబ్బందిగానే ఉంటాడు మరి.

గెత్సేమనే అంటే నూనె గానుగ. యెరూషలేముకి తూర్పున కిద్రోను లోయ దాటితే ఒలీవల కొండ మొదట్లో ఉంటుంది. ఒలీవ కాయల్ని నలిపి నూనె తీసే చోటు. ఈ పేరు దొరికితే మన ప్రసంగీకులు వదలరు. గానుగలో కాయ నలిగినట్టు ప్రభువు నలిగాడని చెప్పి జనాన్ని ఏడిపిస్తారు. చెప్పనివ్వండి, తప్పేం లేదు.

మా పెద్దమ్మ కూతురు అక్కడికి వెళ్లొచ్చింది. ఎనిమిది ముసలి ఒలీవ చెట్లు, లావుపాటి మొదళ్లతో, ముడతలు పడి ఉంటాయట. యేసుని చూసిన చెట్లివే అని ఎవరో చెబితే ఒక ఆకు బైబిల్లో పెట్టుకుని తెచ్చింది. వాటిలో మూడు చెట్ల కాండాలను పరీక్షించిన ఇటలీ శాస్త్రవేత్తలు అవి 12వ శతాబ్దం నాటివని 2012లో చెప్పారు. అక్కకి ఆ మాట నేను చెప్పలేదు. పక్కనే 1924లో కట్టిన పెద్ద చర్చి ఉంది. మన మెదక్ చర్చిని ప్రతిష్ఠించిందీ ఆ ఏడాదే. అక్కడి చర్చిలో పట్టపగలు కూడా రాత్రిలా చీకటిగా ఉండాలని కిటికీలకి ముదురు ఊదారంగు పలకలు బిగించారట. బలిపీఠం ముందు నేల మీద ఒక బండ ఉంటుంది. యేసు పడి ప్రార్థించిన బండ అదేనని నమ్మకం. అక్క దాని మీద తల ఆనించి ఎంతసేపు ఏడ్చిందో తనకే తెలీదంది.

అక్కడి నుంచి ఒలీవల కొండెక్కి అవతలికి దిగితే బేతనియ. లాజరు, మార్త, మరియల ఊరు, స్నేహితుల ఇల్లు. అదీ దాటితే యూదయ అరణ్యం. పస్కా పండుగ కాబట్టి పున్నమి వెన్నెల. పట్టుకోవడానికి వచ్చేవాళ్లు దివిటీలతో లోయ దిగుతుంటే పైనుంచి కనపడకుండా ఉండదు. పారిపోవాలనుకుంటే దారి ఉంది, సమయమూ ఉంది. ఈ సంగతి తెలిశాక ఆ ప్రార్థన నాకు వేరుగా వినపడడం మొదలైంది. కట్టేసిన మనిషి చేసిన ప్రార్థన కాదది. లేచి వెళ్లిపోగలిగిన మనిషి, వెళ్లకుండా అక్కడే కూర్చుని చేసిన ప్రార్థన.

ఇక నాన్న సంగతి చెప్పాలి.

నాన్న మిషన్ స్కూల్లో టీచరు. రిటైరయ్యాక సంఘ పెద్ద. ఊళ్లో ఎవరికి బాగాలేకపోయినా, వాళ్లు చర్చికి వచ్చేవాళ్లా కాదా అని చూడకుండా, సైకిలేసుకుని వెళ్లేవాడు. మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసేవాడు. చివర్లో ఎప్పుడూ ఒకటే మాట, ‘నీ చిత్తం’ అని. క్రైస్తవుల ఇళ్లలో ఈ మాట ఎంత వాడుకో చెప్పలేను. ‘ప్రభువు చిత్తమైతే ఆదివారం వస్తాం’ అంటాం. ఉత్తరాల్లో రాస్తాం, శుభలేఖల్లో వేయిస్తాం.

2008లో నాన్నకి గుండెనొప్పి వచ్చింది. గుంటూరులో ఒక ఆసుపత్రిలో చూపిస్తే మూడు చోట్ల రక్తనాళాలు మూసుకుపోయాయి, ఆపరేషన్ చెయ్యాలన్నారు. అప్పటికి అరవై ఏడేళ్లు. ఎందరి మంచాల పక్కనో కూర్చున్న మనిషి కదా, ధైర్యంగా ఉంటాడనుకున్నాం. రెండోరోజు చూస్తే గోడ వైపు తిరిగి పడుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. నాన్న ఏడవడం అంతకుముందు ఒక్కసారి చూశాను, నాయనమ్మ పోయినప్పుడు. ‘నాకు భయంగా ఉందిరా అబ్బాయ్’ అన్నాడు. నాకేం చెయ్యాలో తోచలేదు. నిజం చెప్పాలంటే కొంచెం సిగ్గేసింది కూడా. అవతల మంచాలవాళ్లు చూస్తున్నారు.

పలకరించడానికి వచ్చినాయన ఒకరు, మంచి ఉద్దేశంతోనే, ‘ఇంతమందికి చెప్పినవాడివి, నువ్వే ఇలా అయితే ఎలాగయ్యా? విశ్వాసం ఉన్నచోట భయం ఉండకూడదు’ అన్నారు. నాన్న తల దించుకున్నాడు. ఆయన వెళ్లిపోయాక అమ్మ యాపిల్ కోస్తూ కోస్తూ ఆగి, ‘ప్రభువు భయపడలేదా ఏంటి?’ అంది. పైకి ఎవరితోనూ అన్నట్టు కాదు, తనలో తనే అనుకుంటున్నట్టు.

ఆ సాయంత్రం నాన్న నన్ను మార్కు సువార్త పద్నాలుగో అధ్యాయం తీసి చదవమన్నాడు. చదివాను. అయ్యాక కళ్లు మూసుకునే అడిగాడు.

‘ఎన్నిసార్లు అడిగాడురా?’

‘మూడుసార్లు.’

‘నాది రెండోసారే కదరా!’

ఆసుపత్రిలో చేరాక నాన్న నవ్వడం అదే మొదలు.

అప్పటి నుంచి ఈ మూడుసార్ల సంగతి నన్ను వదల్లేదు. ఒకసారి అడిగి, జవాబు తెలిసిపోయిందని లేచి రాలేదాయన. వెళ్లి అడిగాడు, వచ్చి స్నేహితుల్ని చూసుకున్నాడు, మళ్లీ వెళ్లాడు. మళ్లీ అదే మాట. తండ్రి ఇష్టమే జరగాలన్న మాట ఆయన నోటి నుంచి వచ్చింది నిజమే గానీ, తన ఇష్టమేమిటో స్పష్టంగా చెప్పుకున్నాకే వచ్చింది. మనం మొదటి సగం మింగేసి రెండో సగం పలికి, అదే భక్తి అనుకుంటాం.

చిత్తం అన్న మాటకి మా ఇంట్లో ఇంకో చరిత్ర ఉంది. మా తాత పాలేరు. పొద్దున దొరగారి గుమ్మం ముందు నిలబడి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, ఆయన ఏం చెబితే దానికి ‘చిత్తం దొరా’ అనేవాడు. రేపు పండగైనా పనికి రావాలి. చిత్తం. కూలీ వచ్చే నెల ఇస్తాం. చిత్తం. పిల్లాణ్ని బడికెందుకు పంపుతున్నావ్, గొడ్ల వెంట పంపు. ఆ ఒక్కదానికి మాత్రం తాత ఏమీ అనకుండా ఇంటికొచ్చాడట. ఆ పిల్లాడే నాన్న.

నేను కాలేజీలో ఉండగా నాన్నతో వాదన పెట్టుకున్నాను. ‘తాత దొరకి చిత్తం అన్నాడు, నువ్వు దేవుడికి చిత్తం అంటున్నావ్. తేడా ఏముంది?’ అని. పుస్తకాలు కొత్తగా చదువుతున్న రోజులు. నాన్నకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ‘మీ తాత ఒక్కరోజు కూడా, అయ్యా నావల్ల కాదు, ఇంకో దారి చూడండి అని దొరని అడగలేకపోయాడురా. అడిగితే వీపు పగిలేది. తోటలో ఆయన అడిగాడు. కొడుకు గనక అడిగాడు’ అన్నాడు.

యేసు అక్కడ తండ్రిని పిలిచిన మాటని మార్కు ఆయన మాతృభాషలోనే, అరామిక్‌లోనే ఉంచాడు. అబ్బా. ఇంట్లో కొడుకు నాన్నని పిలుచుకునే మాట. మనకేమో దెబ్బ తగిలితే నోట్లోంచి వచ్చే మాట. రెండు భాషలకీ సంబంధమేమీ లేదు, ఊరికే అలా కలిసింది. అయినా ఆ మాట చదివినప్పుడల్లా నాకు రెండూ వినపడతాయి.

ఆపరేషన్ ముందు రాత్రి నేనే ఆసుపత్రిలో ఉన్నాను. అక్క, అమ్మ బంధువుల ఇంటికి వెళ్లారు. తొమ్మిదింటికి నర్సు వచ్చి, ఇక మంచినీళ్లు కూడా తాగొద్దని చెప్పి వెళ్లింది. నాన్నకి నిద్ర పట్టడం లేదు. ‘కాసేపు కూర్చోరా, మాట్లాడుకుందాం’ అన్నాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. రెండు రోజులుగా డబ్బు కోసం, రక్తం కోసం తిరుగుతున్నాను. నాన్న చిన్నప్పటి సంగతేదో చెబుతున్నాడు. ఏరు దాటి బడికి వెళ్లేటప్పుడు పలక నెత్తిన పెట్టుకునేవాడినని. ఊఁ అన్నాను. ఊఁ అన్నాను. తర్వాత నాకు తెలీదు.

తోటలో ముగ్గురున్నారు. పేతురు, యాకోబు, యోహాను. ఆ రాత్రి వాళ్ల దగ్గర ఆయన కోరింది ఎంత చిన్నదో చూడండి. కత్తి పట్టమనలేదు, పారిపోవడానికి సాయం చెయ్యమనలేదు. మేలుకుని ఉండమన్నాడు, అంతే. ఐదువేల మందికి రొట్టెలు పంచినవాడు, గాలికి ఆగమని చెప్పినవాడు, పక్కన మనిషి కావాలని ముగ్గురు జాలరుల్ని బతిమాలుకున్నాడు. మూడుసార్లు వచ్చి చూసుకున్నాడు. మూడుసార్లూ నిద్రే. దుఃఖం వల్ల నిద్రపోయారని లూకా వాళ్లని వెనకేసుకొచ్చాడు. లూకా వైద్యుడంటారు. అలసట సంగతి తెలిసినవాడే రాసినట్టుంది.

శిష్యుల నిద్ర మీద నేను చాలా ప్రసంగాలు విన్నాను. అన్నీ తిట్లే. 2008కి ముందు నేనూ తల ఊపేవాణ్ని. ఇప్పుడు ఊపలేను.

తెల్లవారుజామున ట్రాలీ చప్పుడికి మెలకువ వచ్చింది. కింద నేల మీద ముడుచుకుని పడుకుని ఉన్నాను. ఎప్పుడు స్టూలు మీంచి దిగానో, ఎవరు దింపారో తెలీదు. ఒంటి మీద నాన్న శాలువా. రిటైరైనప్పుడు స్కూలువాళ్లు కప్పిన మెరూన్ రంగు శాలువా అది. నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు, ఏసీ చలికి చేతులు చంకల్లో పెట్టుకుని.

‘లేపొచ్చుగా నాన్నా’ అన్నాను.

‘పడుకున్నావ్ కదరా’ అన్నాడు.

లోపలికి తీసుకెళ్లేముందు ప్రార్థన చేద్దామన్నాను. నాకు మాటలు రాలేదు. నాన్నే చేశాడు. మొదట, బతకాలని ఉందని చెప్పాడు. దేవుడితో అంత సూటిగా నాన్న మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. మనవరాలి పెళ్లి చూడాలని ఉంది, వరండా రేకులు మార్పించాలని ఉంది అని కూడా చెప్పాడు. రేకులు! ఆ తర్వాత కాసేపు ఆగి, చిత్తం అన్నాడు. దొర గుమ్మంలో వినపడే గొంతు కాదది.

ఆపరేషన్ అయింది గానీ నాన్న సరిగా తెలివిలోకి రాలేదు. తొమ్మిదో రోజు పోయాడు.

సమాధి దగ్గర నాకు ఎంతమంది చెప్పారో లెక్కలేదు, దేవుని చిత్తం, దేవుని చిత్తం అని. చెప్పినవాళ్లంతా మావాళ్లే, మా కోసం ఏడ్చినవాళ్లే. అయినా ప్రతిసారీ ఒంటి మీద వాత పెట్టినట్టుండేది. ఎందుకలా ఉండేదో చాలాకాలం తెలియలేదు. తర్వాత ఎప్పుడో లాజరు కథ చదువుతుంటే తట్టింది. తమ్ముణ్ని పోగొట్టుకున్న మార్తతో, మరియతో యేసు ఆ మాట అనలేదు. సమాధి దగ్గర నిలబడి ఏడ్చాడు. తండ్రి చిత్తం అన్న మాట ఆయన తోటలో తన గురించి తను అనుకున్నాడు, అదీ మూడుసార్లు అడిగాక. ఇంకొకరి కన్నీళ్ల మీద ఆ మాటని మూతలా పెట్టలేదు. నేనిప్పుడు చావింటికి వెళ్తే ఆ మాట అనను. ఏమనాలో తెలీక ఊరికే కూర్చుంటాను. కొందరికి అది మర్యాదగా అనిపించకపోవచ్చు.

మరి అడిగినది దక్కలేదు కదా, ఆ ప్రార్థనకి అర్థమేమిటని మా అమ్మాయి ఒకసారి అడిగింది. హెబ్రీయులకు రాసిన పత్రికలో ఒక వింత మాట ఉంది. ఆయన కన్నీళ్లతో, కేకలతో చేసిన ప్రార్థనని దేవుడు విన్నాడని. విన్నాడంటే గిన్నె తీసెయ్యాలి కదా. తియ్యలేదు. కానీ సువార్తల్లో ఇంకొకటి కనపడుతుంది. నేల మీద పడి ఏడ్చిన మనిషి లేచాక మళ్లీ వణకలేదు. దివిటీలకి ఎదురు వెళ్లాడు. పేతురు కత్తి దూస్తే లోపల పెట్టమన్నాడు. తనని వదిలి శిష్యుల్ని వెళ్లనివ్వమన్నాడని యోహాను రాశాడు. భయమంతా తోటలోనే ఖర్చయిపోయినట్టు. మా అమ్మాయికి ఇదే చెప్పాను. ‘తాతయ్యకి కూడా అంతేనా?’ అంది. ట్రాలీ మీద వెళ్తూ తాతయ్య వార్డుబాయ్‌ని ‘పిల్లలెంతమంది బాబూ, ఏం చదువుతున్నారు?’ అని అడిగిన సంగతి చెప్పాను. టీచరు కదా.

వరండా రేకులు మరుసటి ఏడాది మార్పించాం. మా అమ్మాయి పెళ్లి మొన్న 2019లో అయింది. హాఫ్‌మన్ బొమ్మ ఇంకా అదే గోడకి ఉంది. చెద పట్టి కింద అంచు పోయింది, వెలుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. తీసేసి కొత్తది పెడదామంటే అమ్మ ఒప్పుకోదు.

శాలువా కూడా అమ్మ దగ్గరే ఉంది. శ్రమల వారం గురువారం రాత్రి ఆరాధనకి అది కప్పుకునే వస్తుంది. మా గుంటూరు జిల్లాలో ఏప్రిల్ రాత్రులు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. ఫ్యాన్లు తిరుగుతున్నా అందరం చెమటలు కక్కుతుంటాం. ‘తీసెయ్యవే అమ్మా, ఉడికిపోతావ్’ అంటుంది అక్క. అమ్మ వినదు. పాస్టరుగారు తోట భాగం చదవడం మొదలుపెట్టగానే నాకు అలవాటు ప్రకారం నిద్ర ముంచుకొస్తుంది. అమ్మ చూసి మోచేత్తో ఒక్క పోటు పొడుస్తుంది.